పెద్ద సొట్ట తీశాం, చిన్న సొట్ట పడ్డ డోర్ మార్చాం: బాడీషాపు నుంచి ఒక కేస్ స్టడీ

బాడీషాపులో రోజూ వచ్చే ప్రశ్న ఒకటే. సొట్ట పడిన ప్యానెల్‌ని సరిచేయాలా, కొత్తది వేయాలా? ఎక్కువమంది సొట్ట ఎంత పెద్దదో చూసి తేల్చేస్తారు. ఓనర్లూ అంతే, ఒక్కోసారి బీమా సర్వేయర్లూ అంతే. ఈ కేసులో అలా తేల్చి ఉంటే బాగుచేయాల్సిన రేకుని కోసేసి, మార్చాల్సిన డోర్‌కి పుట్టీ పూసి పంపేవాళ్లం. అందుకే రాసిపెడుతున్నాను. ఓనర్ ఎవరో, బండి ఏ మోడలో, బీమా ఎవరిదో రాయడం లేదు.

బండి, దెబ్బ

విశాఖపట్నం బండి. బీచ్‌కి దగ్గర్లోని అపార్ట్‌మెంట్‌లో, పైన కప్పు లేని పార్కింగ్‌లో ఉంటుంది. నాలుగో ఏడు నడుస్తున్న చిన్న హ్యాచ్‌బ్యాక్, సిల్వర్ మెటాలిక్ రంగు. ఓనర్ రిటైరైన పెద్దాయన. బండి తక్కువే తిరుగుతుంది, బాగా చూసుకుంటారు.

జంక్షన్‌లో మలుపు తిరుగుతుంటే ఎడమవైపు నుంచి ఒక లగేజీ ఆటో వచ్చి తగిలింది. ఆటో బంపర్ మూల మొదట ఎడమవైపు వెనక డోర్ చివరి అంచుకి గట్టిగా తాకింది. రెండు బళ్లూ కదులుతూనే ఉండటంతో అది అక్కడి నుంచి వెనక్కి జారుతూ క్వార్టర్ ప్యానెల్‌ని, అంటే వెనక చక్రం పైనుంచి టెయిల్ ల్యాంప్ దాకా ఉండే రేకుని, లోపలికి నెట్టేసింది. ఈ వరస గుర్తుపెట్టుకోవాలి. డోర్‌కి తగిలింది దెబ్బ. క్వార్టర్‌కి పడింది తోపు.

చూడ్డానికి మాత్రం తిరగేసినట్టు కనిపించింది. క్వార్టర్‌లో రెండు జానల వెడల్పున పెద్ద గుంట, దాని పైఅంచున ఉబ్బెత్తుగా ఒక గట్టు, కింద వీల్ ఆర్చ్ అంచు లోపలికి మడత. బండి చూసినవాళ్లంతా ముందు అక్కడే చెయ్యి పెట్టి "అయ్యో" అనేవారు. డోర్ మీద అరచేతిలో ఇమిడే సొట్ట, కొంచెం గీత. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

మా దగ్గరికి వచ్చేసరికే పెద్దాయన చేతిలో రెండు ఎస్టిమేట్లున్నాయి. ఒక వర్క్‌షాపు రెండూ కొత్తవి వేయాలని రాసింది. రోడ్డు పక్కన టింకరింగ్ చేసే ఒకాయన రెండూ లాగి, లప్పం పెట్టి, రంగేసి మర్నాటికి ఇచ్చేస్తానన్నాడు. రెండింటి మధ్యా డబ్బులో తేడా చాలా ఎక్కువ. పెద్దాయన టెన్షన్ కూడా అదే. ఎవరో ఒకరు మోసం చేస్తున్నారన్న అనుమానం.

బీమా సర్వేయర్ వచ్చి చూసి క్వార్టర్ రీప్లేస్, డోర్ రిపేర్ అని రాసుకున్నారు. బండి విప్పకముందు పైనుంచి చూసి రాసింది కాబట్టి తప్పుపట్టను. నేను మాత్రం అప్పుడే ఒక మాట అడిగాను: "సార్, ట్రిమ్ (లోపలివైపు కప్పి ఉండే భాగాలు) విప్పాక మళ్లీ ఒకసారి చూసి ఖాయం చేద్దామా?" ఆయన సరేనన్నారు. ఆ ఒక్క మాట మీదే ఈ కేసు మొత్తం నడిచింది.

బోల్టు ప్యానెల్ వేరు, వెల్డింగ్ ప్యానెల్ వేరు

ముందు ఫెండర్, బానెట్, డోర్లు, డిక్కీ మూత బోల్టుల మీద నిలబడే భాగాలు. పాతది విప్పి కొత్తది బిగించవచ్చు. గ్యాప్ తేడా వస్తే సర్దుకోవడానికి బోల్టు రంధ్రాల్లో కాస్త చోటు కూడా ఉంటుంది. ఫెండర్ బాగా నలిగితే దాన్ని లాగుతూ కూర్చోవడం కంటే మార్చడమే నయం. లేబర్ తగ్గుతుంది, పని శుభ్రంగా వస్తుంది, బండి బాడీ మీద కత్తి పడదు.

వెనక క్వార్టర్ అలా కాదు. అది బాడీలో భాగం. పైన రూఫ్ అంచు దాకా, ముందు డోర్ ఫ్రేమ్ దాకా, వెనక టెయిల్ ల్యాంప్ చుట్టూ, కింద వీల్ ఆర్చ్, రన్నింగ్ బోర్డు దాకా ఒకటే రేకు. ఫ్యాక్టరీలో దాన్ని స్పాట్ వెల్డింగ్‌తో అతికించాక మొత్తం బాడీని ప్రైమర్ తొట్టెలో ముంచి కరెంటుతో పూత పట్టిస్తారు. రెండు రేకులు కలిసే సందుల్లోకి, బయట నుంచి ఏ గన్నూ చేరని మూలల్లోకి ఆ పూత వెళ్తుంది. తుప్పు నుంచి బండిని కాపాడేది పైన మెరిసే రంగు కాదు, ఈ పూతే.

ఇప్పుడు క్వార్టర్ మార్చాలంటే ఏం చేయాలో చూడండి. వెనక సీట్లు, ట్రిమ్, అద్దాలు, బీడింగ్ విప్పాలి. స్పాట్ వెల్డింగులు ఒక్కొక్కటీ డ్రిల్‌తో తొలవాలి. పైన పిల్లర్ దగ్గర రేకుని కోయాలి. కొత్త ప్యానెల్ పెట్టి మిగ్ వెల్డింగ్‌తో అతికించాలి. ఆ వేడికి లోపలి పూత మాడిపోతుంది. తర్వాత ఎంత సీలర్ వేసినా, ఎంత వ్యాక్స్ కొట్టినా ఫ్యాక్టరీలో పట్టిన పూత మళ్లీ రాదు. పైగా ఈ బండికి పెట్రోల్ మూత కూడా ఎడమవైపే. ఇంధనం పైపుని విప్పి పక్కకి తీశాకే వెల్డింగ్ ముట్టుకోవాలి.

విశాఖలో ఈ లెక్క ఇంకా గట్టిది. ఉప్పు గాలి, తేమ కలిసి పూత పోయిన సందుని వదలవు. సముద్రానికి దగ్గర్లో ఉండే బళ్లలో వెల్డింగ్ కీళ్ల దగ్గర, డోర్ల కింది అంచుల్లో ముందు తుప్పు రావడం మేం తరచూ చూస్తాం. అందుకే మా దగ్గర క్వార్టర్‌ని కోయడం ఆఖరి మాట.

రీసేల్ సంగతీ ఉంది. పాత బండి కొనేవాళ్లు డిక్కీ, డోర్ల బీడింగ్ లాగి స్పాట్ వెల్డింగ్ గుర్తులు చూస్తారు. గుండ్రంగా, వరసగా ఉండే ఫ్యాక్టరీ గుర్తులు లేకపోతే బండికి పెద్ద యాక్సిడెంట్ అయిందని రాసేస్తారు. రంగు వేసిన క్వార్టర్‌కి తగ్గే ధర వేరు, కోసి వెల్డ్ చేసిన క్వార్టర్‌కి తగ్గే ధర వేరు.

బీమా లెక్క

ఇదంతా చెప్తే పెద్దాయన ఒక్క మాటతో కొట్టిపారేశారు. "బీమా కట్టేది దేనికి బాబూ? కొత్తది వేసేయ్. సుత్తి దెబ్బలు తిన్న రేకు నాకెందుకు?"

న్యాయమైన మాటే. కానీ పాలసీ కాగితం తెప్పించి చూస్తే జీరో డెప్రిసియేషన్ (పార్టు ధరలో తరుగుదల కోయకుండా ఇచ్చే కవర్, వాడుకలో బంపర్ టు బంపర్) లేదు. మొదటి ఏళ్లలో ఉంది. కిందటి రెన్యువల్‌లో ప్రీమియం తగ్గుతుందని ఎవరో ఆన్‌లైన్‌లో ఆ టిక్ తీసేశారు. ఆయనకి తెలియదు, బంపర్ టు బంపర్ ఉందనే అనుకుంటున్నారు. ఇది చాలా ఇళ్లలో జరుగుతోంది.

జీరో డెప్రిసియేషన్ లేనప్పుడు కొత్తగా వేసే పార్టు ధరలో బీమా కొంత కోస్తుంది. లోహపు భాగాలకి ఆ కోత బండి వయసు మీద ఉంటుంది. ఏడాది నుంచి రెండేళ్ల బండికి 10%, మూడేళ్ల దాకా 15%, నాలుగేళ్ల దాకా 25%, అయిదేళ్ల దాకా 35%, పదేళ్ల దాకా 40%. బంపర్ లాంటి ప్లాస్టిక్, రబ్బర్ భాగాలకి వయసుతో పనిలేకుండా 50%. పెయింటింగ్‌లో మెటీరియల్ ఖర్చు మీద 50%. బిల్లు విడగొట్టకుండా ఒకే మొత్తంగా ఇస్తే అందులో 25% మెటీరియల్ అని లెక్కేసుకుని దాంట్లో సగం కోస్తారు. ఇవి కాక 1500 సీసీ లోపు కారుకి 1,000 రూపాయలు ఎలాగూ ఓనర్ మీదే.

డెంటింగ్ లేబర్ మీద మాత్రం ఈ తరుగుదల పడదు. 10,000 రూపాయల ప్యానెల్ వేస్తే ఈ వయసు బండికి 2,500 ఓనర్ జేబులోంచి పోతుంది. అదే 10,000 డెంటింగ్ లేబర్ అయితే ఆ కోత లేదు. అంటే ఈయన పాలసీకి "ఎలాగూ బీమాయే కదా" అన్న వాదన సరిగ్గా తిరగబడుతుంది. ఈ ముక్క చాలామంది ఓనర్లకి ఎవరూ చెప్పరు, ఎందుకంటే కొత్త పార్టు వేస్తే షాపుకి పార్టు మీద మార్జిన్ ఉంటుంది.

అసలు క్లెయిమ్ చేయాలా వద్దా అన్నది కూడా చూశాం. ఇంతవరకు క్లెయిమ్ లేదు కాబట్టి ఇప్పుడు 35% నో క్లెయిమ్ బోనస్, అంటే సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియంలో తగ్గింపు, నడుస్తోంది. ఈ ఏడాదీ దాటితే 45%, తర్వాత 50%. క్లెయిమ్ చేస్తే సున్నాకి పడి, మళ్లీ 20% నుంచి ఎక్కాలి. ఒక్క చిన్న సొట్టే అయితే బోనస్ పోగొట్టుకోవద్దని, చేతి డబ్బుతోనే చేయించుకోమని చెప్పేవాణ్ని. ఇక్కడ రెండు ప్యానెళ్లు, రంగు, లేబర్ కలిపితే బోనస్ నష్టం కంటే చాలా ఎక్కువ తేలింది. క్లెయిమ్‌కే వెళ్లాం.

విప్పకముందు చూసినవి

గుంటని వదిలేసి ముందు చుట్టూ చూశాం. దెబ్బ లోపలికి ఎంత దూరం వెళ్లిందో చెప్పేది చుట్టుపక్కల గ్యాపులే. డిక్కీ మూత మునుపటిలాగే పడుతోంది, బీడింగ్ అన్ని వైపులా ఒకేలా నొక్కుకుంటోంది. డిక్కీ ఓపెనింగ్‌ని మూల నుంచి మూలకి అటూ ఇటూ కొలిస్తే సమానంగా ఉంది. టెయిల్ ల్యాంప్ తన గూట్లో సరిగ్గా కూర్చుంది. వెనక డోర్‌కీ క్వార్టర్‌కీ మధ్య గ్యాప్ పైభాగంలో బాగుంది, కింద మాత్రం పూర్తిగా మూసుకుపోయింది.

చక్రం మీద కూడా దెబ్బ పడిందేమో అని రిమ్, అలైన్‌మెంట్ చూపించాం. తేడా లేదు. ఇది ముందే చేయాలి. యాక్సిల్ వంగిన బండికి ప్యానెల్ ఎంత బాగా తీసినా లాభం లేదు.

తర్వాత పెయింట్ మందం చూసే గేజ్ పెట్టాం. కుడివైపు ప్యానెళ్లన్నీ 100 నుంచి 130 మైక్రాన్ల మధ్య ఉన్నాయి. ఎడమ క్వార్టర్‌లో సొట్ట పడని చోట కూడా అంతే. అంటే ఫ్యాక్టరీ రంగు, లోపల పాత పుట్టీ లేదు. ఈ రీడింగ్ నా నిర్ణయంలో సగం. అక్కడే 1,000 మైక్రాన్లు దాటి చూపిస్తే ఇంతకుముందే ఒకసారి సుత్తి తిన్న రేకు అన్నమాట. అలాంటి రేకు గట్టిపడి, సాగి ఉంటుంది. రెండోసారి మాట వినదు.

డిక్కీ లోపలి ట్రిమ్ తీసి క్వార్టర్ వెనక్కి టార్చ్ వేశాం. లోపలి వీల్ హౌసింగ్ రేకులో ముడత లేదు. రెండు రేకుల కీలు మీద వేసే సీలర్ ఎక్కడా పగల్లేదు. రేకు కొద్దిగా కదిలినా ఆ సీలర్ మీద సన్నని గీత పడుతుంది. కంటికి రేకు ముడత కనిపించకముందే సీలర్ చెప్పేస్తుంది. ఇక్కడ అది చెక్కుచెదరలేదు. దెబ్బంతా బయటి రేకులోనే ఆగిపోయిందని అప్పుడు నమ్మకం కుదిరింది.

డోర్: రిపేర్ ఎక్కడ ఆగింది

సర్వేయర్ రిపేర్ రాశారు కాబట్టి డోర్‌తోనే మొదలుపెట్టాం. పని మొదలుపెట్టేముందే మా టింకరింగ్ మేస్త్రితో ఒక హద్దు అనుకున్నాను. బయటి రేకు లేచి, కింది మూల గ్యాప్ కూడా తిరిగొస్తే కొనసాగుదాం. రేకు లేచి గ్యాప్ రాకపోతే అక్కడితో ఆపేద్దాం. హద్దు ముందే అనుకోకపోతే ఇంకాస్త లాగుదాం, ఇంకాస్త కొడదాం అంటూ పోతూనే ఉంటారు. చివరికి లేబరూ అవుతుంది, డోరూ మారుతుంది.

సొట్ట సరిగ్గా అంచు పక్కనే ఉంది. డోర్ అంటే బయటి రేకు, లోపలి ఫ్రేమ్ రెండు. బయటి రేకు అంచుని ఫ్రేమ్ మీదికి మడిచి నొక్కేస్తారు, మధ్యలో జిగురు, మీద సీలర్. ప్యానెల్ మధ్యలో పడ్డ సొట్ట రేకుకే పరిమితం. ఈ మడత దగ్గర పడ్డది రేకునీ ఫ్రేమ్‌నీ కలిపి వంచుతుంది.

మెషిన్‌తో చిన్న వాషర్లు అతికించి లాగితే బయటి సొట్ట బాగానే లేచింది. చూసినవాళ్లు అయిపోయిందనుకునేంతగా లేచింది. కానీ డోర్ వేసి చూస్తే కింది మూల ఇంకా బయటికి తన్నుకునే ఉంది, గట్టిగా విసిరితేగానీ లాక్ పడటం లేదు. ఫ్రేమ్‌ని సరిచేయబోతే మడత దగ్గర సీలర్ నిలువునా పగిలి నోరు తెరిచింది.

లోపలి ట్రిమ్ తీశాక అసలు విషయం బయటపడింది. పక్క నుంచి ఏదైనా గుద్దితే లోపలివాళ్లని కాపాడటానికి డోర్‌లో అడ్డంగా ఒక గట్టి బీమ్ ఉంటుంది. బీమ్ తిన్నగానే ఉంది, కానీ దాని వెనక కొసని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే బ్రాకెట్ ముడతపడింది. ఈ బీమ్‌ని, దాని పట్టుని వేడిచేసి సరిచేయకూడదు. చాలా గట్టి స్టీలుతో చేస్తారు, వేడి తగిలితే ఆ గట్టిదనం పోతుంది. చూడ్డానికి తిన్నగా ఉంటుంది, రేపు గుద్దినప్పుడు నిలబడదు.

ఆపేశాం. ఫొటోలు తీసి సర్వేయర్‌ని పిలిచాం. విప్పిన డోర్ ముందు నిలబెట్టి బ్రాకెట్ చూపిస్తే ఆయన వాదించలేదు. అదే నోటితో క్వార్టర్ కోయనక్కర్లేదని చెప్పి, సీలర్ చూపించాను. ఒకటి పెరిగితే ఒకటి తగ్గింది కాబట్టి ఆయన ఫైలుకీ ఇబ్బంది లేదు. ఇలాంటి మార్పు పని అయ్యాక అడిగితే రాదు. విప్పి, చూపించి, రాయించుకుని అప్పుడు ముట్టుకోవాలి.

ఈ మోడల్‌కి బయటి రేకు విడిగా దొరకదు, డోర్ మొత్తం కొనాల్సిందే. ఆ 25% తగ్గించుకుందామని పెద్దాయన స్క్రాప్ మార్కెట్‌లో డోర్ వెతుకుదామన్నారు. అదే రంగులో ఒకటి దొరికింది కూడా. గేజ్ పెడితే కింది భాగంలో మందం మామూలుకంటే పది రెట్లు చూపించింది. అడుగున నీళ్లు పోయే రంధ్రాల చుట్టూ తుప్పు. దానికి పెట్టే లేబర్, రంగు కలిపితే కొత్తదాని దరిదాపుల్లోకే వస్తుంది. వద్దన్నాను. పాత డోర్లంటే నాకు పట్టింపేమీ లేదు. శుభ్రమైనది దొరికితే వేసేవాళ్లం.

క్వార్టర్: లాగితే రాలేదు, వదిలిస్తే వచ్చింది

కారు బయటి రేకు మందం ఇంచుమించు 0.7 మి.మీ. ఫ్యాక్టరీలో ఒక ఆకారంలో ప్రెస్ చేసిన స్టీలు అదే ఆకారానికి తిరిగి వెళ్లాలని చూస్తుంది. పెద్ద గుంటలో నిజంగా వంగిపోయి ఉండిపోయేది కొన్ని గీతల దగ్గరే, పైన గట్టు, కింద మడత. మధ్యలో ఉన్న రేకంతా వాటి మధ్య ఇరుక్కుపోయి లోపలికి ఉంటుంది. అందుకే గుంట వెడల్పు చూసి భయపడకూడదు. ఆ గీతలు ఎన్ని, ఎంత పదును, రేకు ఎక్కడైనా చిరిగిందా అన్నది చూడాలి. ఇక్కడ గట్టు వేలితో నిమిరితే గుండ్రంగానే ఉంది, పదును లేదు. చిరుగు లేదు.

ముందు తేలికైన దారి చూశాం. రంగు చెడకుండా జిగురు ట్యాబులు అతికించి మధ్యలో లాగాం. వచ్చింది, వదలగానే టక్కుమని లోపలికి పోయింది. నూనె డబ్బా అడుగు నొక్కి వదిలినట్టు. రంగు ఎలాగూ గీసుకుపోయి ఉంది కాబట్టి గ్రైండ్ చేసి వాషర్లు వెల్డ్ చేసి మధ్యలోనే ఇంకా గట్టిగా లాగితే ఈసారి నిలబడింది గానీ, పైన గట్టు అలాగే ఉంది, మధ్యలో రేకు చేత్తో నొక్కితే ఆడుతోంది. ఇక్కడే చాలా షాపులు పుట్టీ డబ్బా తెరుస్తాయి. గట్టు ఎత్తు దాకా పుట్టీ నింపితే పైకి నున్నగా కనిపిస్తుంది. ఆడే రేకు మీద మందంగా వేసిన పుట్టీ రోడ్డు కుదుపులకి ఏదో ఒక రోజు బీట వేస్తుంది.

మా మేస్త్రి చెప్పిన సూత్రం పాతదే: చివర పడ్డదాన్ని ముందు తియ్యి. ఆటో మూల మొదట వీల్ ఆర్చ్ పైన నొక్కింది, గుంట పెరిగే కొద్దీ చివర్లో పైన గట్టు లేచింది. కాబట్టి గట్టు ముందు దిగాలి. గుంటలో వాషర్లని వరసగా వెల్డ్ చేసి వాటిలోంచి కడ్డీ దూర్చి, ఒకేచోట కాకుండా వరస మొత్తాన్నీ నెమ్మదిగా లాగి, ఆ లాగుడు అలాగే పట్టి ఉంచాడు. అప్పుడు గట్టు మీద చదును సుత్తితో చిన్న చిన్న దెబ్బలు. బలమంతా లాగుడులో ఉంది, సుత్తి గట్టుని వదిలించడానికే. దెబ్బ దెబ్బకీ గట్టు దిగుతుంటే గుంట దానంతటదే పైకొచ్చింది. వీల్ ఆర్చ్ అంచుని చివర్లో వెనక డాలీ (చేత్తో పట్టుకునే ఇనుప దిమ్మ) పెట్టి విప్పాడు.

ఇదంతా మొదలుపెట్టకముందే బ్యాటరీ నెగటివ్ తీసేశాం. కారులోని కంప్యూటర్లకీ ఎయిర్‌బ్యాగ్‌లకీ ఈ వెల్డింగ్ కరెంటు తగలకూడదు. పెట్రోల్ మూత వైపు తడిగుడ్డ కప్పి, ఫైర్ సిలిండర్ పక్కనే పెట్టుకున్నాం.

గట్టు దిగాక కూడా ఒక చోట రేకు కొంచెం ఆడుతోంది. అక్కడ సాగిపోయింది. కార్బన్ కడ్డీతో చిన్న చుక్కలుగా వేడిచేసి వెంటనే తడిగుడ్డ అద్దితే రేకు ముడుచుకుంటుంది. వేడి పెద్దదైతే వెనకున్న పూతంతా మాడుతుంది కాబట్టి చుక్కకీ చుక్కకీ మధ్య చల్లారనిచ్చాం. బొటనవేలితో నొక్కితే చప్పుడు రానంతవరకే, అంతకు మించి కాదు.

ఆకారం సరిపోయిందో లేదో కంటితో తేల్చలేదు. కుడి క్వార్టర్ ఒంపుకి అట్ట కత్తిరించి, దాన్ని తిప్పి ఎడమవైపు పెట్టి చూశాం. కొత్త డోర్‌ని రంగు వేయకముందే బిగించి గ్యాప్ కూడా సరిచూశాం. ఈ వరస ముఖ్యం. కొత్త డోర్ అంచు తప్పు చెప్పదు కాబట్టి క్వార్టర్ అంచుని దానికి కలపాలి. పాత, వంగిన డోర్‌కి క్వార్టర్‌ని కలిపి ఉంటే రెండూ వంకరే అయ్యేవి.

బేర్ మెటల్ మీద ముందు ఎపాక్సీ ప్రైమర్, దాని మీద పలచగా పుట్టీ. పుట్టీ మందం 3 మి.మీ. దాటకూడదని చెప్తారు. మేం 1 మి.మీ. లోపు రాకపోతే మళ్లీ సుత్తి పట్టుకోమంటాం. ఇక్కడ చాలా చోట్ల రుద్దాక మిగిలింది అంతకంటే తక్కువే.

వెనక వైపు సంగతి ఎవరూ అడగరు. బయట వాషర్ వెల్డ్ చేసిన ప్రతి చోటా వెనక పూత కాలుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే పుట్టీ కింద నుంచి కాదు, రేకు వెనక నుంచి తుప్పు మొదలవుతుంది. డిక్కీ లోపలి రంధ్రాల్లోంచి పొడవాటి నాజిల్ పెట్టి క్యావిటీ వ్యాక్స్ (లోపలి ఖాళీల్లో తుప్పు రాకుండా కొట్టే మైనం) కొట్టాం, ఆర్చ్ అంచుకి కొత్త సీలర్ వేశాం. కోయకుండా కాపాడుకున్నది ఆ కీళ్లనే కాబట్టి ఈ పని వదిలేస్తే క్వార్టర్ రిపేర్ చేసిన అర్థమే లేదు.

రంగు

సిల్వర్ మెటాలిక్‌లో రంగు కోడ్ ఒకటే అయినా షేడ్ కలవదు. గన్ దూరం, గాలి ప్రెషర్ మారితే లోహపు రజను పడుకునే తీరు మారుతుంది. పక్కనుంచి చూస్తే ముదురు, ఎదురుగా చూస్తే లేత. మూడేళ్లు దాటి ఎండలో నిలబడ్డ పాత రంగు పక్కన కొత్త డోర్ పెడితే అది ఇంకా తెలుస్తుంది. అట్ట ముక్క మీద కొట్టి ఎండలోనూ నీడలోనూ చూశాక, ముందు డోర్ మీదికి కూడా బేస్ కోట్‌ని క్రమంగా పలచబరుస్తూ తీసుకెళ్లి, డోర్ అంతటా క్లియర్ (రంగు లేని పై పూత) వేశాం. క్వార్టర్ వైపు రూఫ్ పక్క మౌల్డింగ్ దాకా వెళ్లి అక్కడ ఆపాం. ముందు డోర్‌కి దెబ్బే తగలకపోయినా దానికి రంగెందుకని సర్వేయర్ అడిగారు. రెండు డోర్లనీ ఎండలో పక్కపక్కన చూపించాక ఒప్పుకున్నారు. ఆ ఖర్చు పూర్తిగా రాలేదు, కొంత మేం సర్దుకున్నాం.

తర్వాత

బిల్లులో పెద్దాయన వాటాగా డోర్ మీద తరుగుదల, పెయింట్ మెటీరియల్‌లో సగం, ఆ 1,000 పడ్డాయి. క్వార్టర్ కూడా కొత్తది వేసి ఉంటే దాని మీద ఇంకో పావు భాగం, అద్దాల బీడింగులు, సీలర్లు కలిసేవి. తర్వాతి రెన్యువల్‌లో జీరో డెప్రిసియేషన్ ఉందో లేదో తానే చదివి చూసుకున్నానని ఫోన్ చేసి చెప్పారు.

వానాకాలం దాటాక సర్వీసుకి వచ్చినప్పుడు గేజ్ పెట్టి, వేళ్లతో నొక్కి చూశాం. ఉబ్బు లేదు, బీట లేదు, డోర్ గ్యాప్ కదల్లేదు. ట్యూబ్‌లైట్ కింద క్వార్టర్ మీద పడే లైటు గీతలో ఒక చోట సన్నని అల కనిపిస్తుంది. ఆయనే చూపించారు. అది తీయాలంటే మళ్లీ రేకు దాకా గీకాలి. ఎండలో కనిపించని అల కోసం ఆ పని చేయనని చెప్పాను. కొంచెం అసంతృప్తిగానే ఒప్పుకున్నారు.

ఇదే దెబ్బకి క్వార్టర్ కోయమని నేనే చెప్పే సందర్భాలూ ఉన్నాయి. లోపలి వీల్ హౌసింగ్ ముడతపడినా, సీలర్ పగిలినా, ఆర్చ్ దగ్గర రేకు చిరిగినా, గేజ్ పాత పుట్టీ చూపించినా, గట్టు గుండ్రంగా కాక కత్తి అంచులా మడిచి ఉన్నా లాగడంలో అర్థం లేదు. బానెట్, ఫెండర్‌లో ఇంత చర్చ ఉండదు. అయస్కాంతం అంటుకోని లోహపు ప్యానెల్ అయితే అది అల్యూమినియం. దానికి ఈ స్టీలు పద్ధతులు పనికిరావు, చాలాసార్లు మార్చడమే.

పెద్దాయన జాబ్ కార్డ్ మీద ఒక లైను అదనంగా రాసిచ్చాం: రెండేళ్లకోసారి, వానలకి ముందు, ఎడమ క్వార్టర్ లోపల వ్యాక్స్ మళ్లీ కొట్టించాలి, డోర్ల అడుగున నీళ్ల రంధ్రాలు శుభ్రం చేయించాలి. సముద్రం పక్కన ఉండే బళ్లన్నింటికీ ఇప్పుడు ఆ లైను రాస్తున్నాం.